కార్డుంది సరే, డాక్టరెక్కడ?

ఈసారి కబుర్లు ఒంటికి సంబంధించినవి. మా ఊరి తంపరా చెరువు గురించి రాయమన్నవాళ్ళు ఇంకో వారం ఓపిక పట్టాలి. ఎందుకంటే ఈ మధ్య ఛత్రపూర్ బజారులో ఎవరు ఎదురుపడినా నన్ను అడిగేది ఒకటే: "ఏటి బాబూ, కార్డు తీసుకునే సుగరు డాక్టరు బరంపురంలో ఎక్కడున్నాడు?" సుగరు కాకపోతే థైరాయిడ్. ఆ రెండూ కాకపోతే పిల్ల ఎదగడం లేదనో, కోడలికి నెలసరి సరిగా రావడం లేదనో. అన్నిటినీ చూసే పెద్ద డాక్టరు ఒకరే, ఎండోక్రైనాలజిస్టు. ఒంట్లో గ్రంథులు వదిలే హార్మోన్ల లెక్క చూసే మనిషి. ఆ పేరు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, ఓపీ కౌంటర్లో "సుగరు, థైరాయిడ్ విభాగం" అంటే అర్థం చేసుకుంటారు.

మా ఊరు తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఛత్రపూర్ గంజాం జిల్లాకి కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా మేమంతా మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళమే. ఆనాటి నుంచి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలున్నాయి. ఆర్యపల్లి వైపు సముద్రాన్ని నమ్ముకున్న వాడబలిజలున్నారు. ఇసుకలోంచి ఖనిజాలు తీసే ఐఆర్‌ఈఎల్ ఫ్యాక్టరీ పనుల కోసం వచ్చి ఉండిపోయినవాళ్ళున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. జ్వరమొస్తే మాత్రం రెండు దారులు. ఒకటి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బరంపురం మెడికల్. రెండోది రైలెక్కి విశాఖ. అక్కడ 1923లో మొదలైన కేజీహెచ్ ఆసుపత్రి మీద మా పెద్దవాళ్ళకున్న గురి ఇప్పటికీ తగ్గలేదు. బరంపురంలో వైద్య కళాశాల వచ్చింది 1962లో. దానికి పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి ఆయనే. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. ఆ పేరును పొడి అక్షరాల్లో ఎమ్‌కేసీజీ అని రాస్తారు గాని మాకు అది వట్టి "మెడికల్".

ఇక కార్డు సంగతి. 2018లో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన అనే ఒడిశా ప్రభుత్వ వైద్య పథకం వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి తరవాత 10 లక్షల దాకా. ప్రభుత్వం మారాక దాని పేరు గోపబంధు జన ఆరోగ్య యోజన అయింది. 2025 ఏప్రిల్ 11న కటక్‌లో కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌ను ఒడిశాలో ప్రారంభించి, రెండింటినీ కలిపేశారు. ఇప్పుడు కుటుంబానికి 5 లక్షలు, ఆ ఇంటి ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. పేరు మారిన ప్రతిసారీ మా పెద్దవాళ్ళకి ఒకటే భయం, పాత కార్డు చెల్లుతుందా చెల్లదా అని. ఆ భయంలో అసలు సంగతి తెలుసుకోవడం మరిచిపోయారు.

అసలు సంగతేమిటంటే, ఈ కార్డు మంచమెక్కితేనే పలుకుతుంది. ఆసుపత్రిలో చేర్చుకుంటే ఆ ఖర్చు భరిస్తుంది. చేరడానికి 3 రోజుల ముందు నుంచి, ఇంటికి పంపాక 15 రోజుల దాకా అయ్యే పరీక్షలూ మందులూ కూడా అందులోకే వస్తాయి. కాని డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చుని నాడి చూపించుకుని, చీటీ రాయించుకుని ఇంటికొచ్చే వైద్యానికి కార్డు ఒక్క రూపాయి ఇవ్వదు. సుగరు, థైరాయిడ్ రోగుల వైద్యమంతా ఆ కుర్చీలోనే జరుగుతుంది. మంచం దాకా వెళ్ళాల్సి రాకుండా చూడడమే ఎండోక్రైనాలజిస్టు పని. అందుకే ఏ ప్రైవేటు క్లినిక్కు గుమ్మంలోనైనా కార్డు చూపించి "తీసుకుంటారా?" అంటే వాళ్ళు తల అడ్డంగా ఊపుతారు. మనవాళ్ళు దాన్ని అవమానంగా తీసుకుని, డబ్బున్నవాళ్ళనే చూస్తాడట అని ఆ డాక్టరును తిట్టుకుంటూ వస్తారు. ఆయన చేతిలో ఏమీ లేదు. ఓపీకి ఆ పథకంలో లెక్కే లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయుష్మాన్ ఆసుపత్రుల జాబితాలో ఎండోక్రైనాలజీ అనే విభాగం కోసం వెతికితే దొరకదు. సుగరు వికటించి కీటోఅసిడోసిస్ అయితే దాన్ని జనరల్ మెడిసిన్ కింద చూస్తారు. థైరాయిడ్ గడ్డ తీయాలంటే జనరల్ సర్జరీ. పాదం పుండు పడితే అదీ సర్జరీయే. జాబితాలో ఆ పేరు కనిపించక "గంజాం జిల్లాకే లేడట" అని నిర్ణయించుకుని, అప్పు చేసి హైదరాబాదు రైలెక్కినవాళ్ళు నాకు తెలుసు.

మరి ఎక్కడికి వెళ్ళాలి? నేను చెప్పే మొదటి మాట బరంపురం మెడికలే. అక్కడ ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించుకోడానికి కార్డు అక్కర్లేదు, ఆధార్ పట్టుకెళ్తే చాలు. ఏయే రోజుల్లో ఆ విభాగం ఓపీ ఉంటుందో ముందే కనుక్కుని వెళ్ళండి. తెలియకుండా వెళ్తే వేరే వరసలో మధ్యాహ్నం దాకా నిలబడి, "ఇవాళ కాదు" అనిపించుకుని రావాల్సి వస్తుంది. ఛత్రపూర్ నుంచి పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోండి. పరగడుపు పరీక్ష ఉంటుందనుకుంటే ఏమీ తినకుండా వెళ్ళండి, రక్తం ఇచ్చాక తినడానికి ఇంటి నుంచి ఇంత ఉప్మాయో రొట్టో డబ్బాలో పెట్టుకోండి. మందులు వాడేవాళ్ళు మాత్రం ఉపవాసంతో సుగరు బాగా పడిపోతుందేమో డాక్టర్ని ముందే అడగాలి.

ఆ వరసలో నిలబడ్డవాళ్ళ చేతుల్లో ఓసారి చూడండి. ప్రతివాళ్ళ దగ్గరా ఒక బట్టల దుకాణం కవరుంటుంది. అందులో ఎన్నో ఏళ్ళ కాగితాలు, మడతలు పడి, నూనె అంటుకుని, కిందవి పైకీ పైవి కిందికీ. లోపలికెళ్ళాక డాక్టరుకు మనతో దొరికేది కాసేపే. అందులో సగం పోయినసారి రిపోర్టు వెతకడంతోనే సరిపోతుంది. అందుకని నేను అడిగినవాళ్ళందరికీ ఒకటే చెబుతాను. ఒక తెల్లకాగితం మీద తేదీ, సుగరు అంకె, హెచ్‌బీఏ1సీ అంకె, థైరాయిడ్ ఉంటే టీఎస్‌హెచ్ అంకె వరసగా రాసుకోండి. కింద ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో ఎన్ని మైక్రోగ్రాములో రాయండి. రాయడం రానివాళ్ళకి ఇంట్లో బడికెళ్ళే పిల్ల ఉంటుంది. ఆ ఒక్క కాగితం ఉంటే డాక్టరు మొహంలోకి చూసి మన బాధ చెప్పుకోవచ్చు. ఆర్యపల్లి నుంచి వచ్చే పెద్దవాళ్ళలో కొందరికి ఒడియా అర్థమైనా రోగం చెప్పుకునేంత రాదు. "కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి", "పాదాల కింద దూది ఉన్నట్టుంది" అనే మాటలు తెలుగులోనే వస్తాయి. వాళ్ళతో ఒడియా బాగా వచ్చిన మనవడినో మనవరాలినో పంపండి. ఆ మాటల్లోనే నరాలు దెబ్బతింటున్న కబురుంటుంది, అది డాక్టరు చెవిన పడాలి.

అసలు అందరికీ ఎండోక్రైనాలజిస్టు కావాలా? అక్కర్లేదు. నలభై దాటాక వచ్చే మామూలు సుగరుకూ, మందుతో కుదురుగా ఉన్న థైరాయిడ్‌కూ మంచి ఎండీ డాక్టరు చాలు. ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో బీపీ, సుగరు చూసే ఎన్‌సీడీ క్లినిక్ ఉంటుంది. పల్లెల్లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో 30 దాటినవాళ్ళకి సుగరు పరీక్ష చేస్తారు. అక్కడే మొదలుపెట్టండి. పెద్ద డాక్టరు తప్పనిసరిగా కావలసినవాళ్ళు వేరే ఉన్నారు. చిన్నపిల్లలకి వచ్చే టైప్ 1 సుగరు. గర్భిణికి థైరాయిడ్ లేదా సుగరు. రెండు మూడు రకాల మందులూ ఇన్సులినూ వాడుతున్నా దిగని సుగరు. మెడ దగ్గర గడ్డ. ఒళ్ళు చిక్కిపోయి, గుండె దడదడలాడి, కళ్ళు ముందుకు పొడుచుకొచ్చే థైరాయిడ్. తోటి పిల్లల కంటే బాగా పొట్టిగా ఉండిపోయిన పిల్లలు. వీళ్ళని ఊళ్ళో నెలల తరబడి తిప్పకూడదు. ముఖ్యంగా గర్భిణిని. మొదటి నెలల్లో కడుపులో బిడ్డకి థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి.

బోర్డు చదవడం కూడా నేర్చుకోండి. ఎండీ తరవాత మరో మూడేళ్ళు ఈ ఒక్క విద్యే చదివినవాళ్ళ పేరు పక్కన డీఎం ఎండోక్రైనాలజీ అనో, డీఎన్‌బీ ఎండోక్రైనాలజీ అనో ఉంటుంది. డయాబెటాలజిస్టు అని ఉంటే అది వేరు. సుగరులో అనుభవం ఉన్న మంచి డాక్టరే కావచ్చు, మామూలు సుగరుకు నిశ్చింతగా వెళ్ళవచ్చు. పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథుల జబ్బులకి మాత్రం డీఎం గాని డీఎన్‌బీ గాని చదివినవాళ్ళే కావాలి.

మందుల దగ్గరికి వద్దాం. జేబు ఖాళీ అయ్యేది ఇక్కడే. డాక్టరు ఫీజు ఎప్పుడో ఓసారి, మాత్ర రోజూ. ఒడిశాలో 2015 నుంచి నిరామయ అనే పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, థైరాయిడ్ మాత్ర లీవోథైరాక్సిన్, హ్యూమన్ ఇన్సులిన్ అన్నీ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవే. ఓపీ చీటీ పట్టుకుని నిరామయ కౌంటర్లో అడగండి. ఆ రోజు లేకపోతే జన ఔషధి దుకాణంలో అవే మందులు తక్కువకి దొరుకుతాయి. ఇన్సులిన్ కనిపెట్టిన టొరంటో శాస్త్రవేత్తలు 1923లో ఆ పేటెంటును తలా ఒక్క డాలరు పుచ్చుకుని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అందరికీ అందాలని. వందేళ్ళు దాటినా మా తీరంలో ఒక మత్స్యకారుడి బిడ్డకి ఇన్సులిన్ ఆగిపోయిందంటే నాకు నిద్ర పట్టదు.

ఉచితంగా వచ్చిన మాత్రనైనా సరిగా వాడకపోతే వేసుకోనట్టే. థైరాయిడ్ మాత్రలు చాలామందికి చిన్న సీసాలో వస్తాయి. ఆ సీసా మా ఇళ్ళల్లో ఎక్కడుంటుందో చూశాను. వంటింటి కిటికీలో, పొద్దుటెండ తగిలే చోట, పొయ్యి ఆవిరి కొట్టే చోట. ఆ మాత్రకి వేడి, వెలుతురు, తేమ మూడూ పడవు. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో తేమ సంగతి చెప్పాలా? సీసాని గట్టిగా మూతపెట్టి బీరువాలో పెట్టండి. పొద్దున లేవగానే మంచినీళ్ళతో మింగాలి, ఆ తరవాత అరగంట నుంచి గంట దాకా టీ తాగకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. మా పిన్ని ఏళ్ళ తరబడి టీతోపాటే మింగేది. డోసు పెంచినా అంకె దిగేది కాదు. టీని వెనక్కి జరిపాక దిగింది.

ఇన్సులిన్ వాడేవాళ్ళు తుపాను సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తరవాత గంజాంలో చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లు చెక్కపెట్టెలతో సమానమయ్యాయి. అప్పుడు పాత పద్ధతే ఆదుకుంది. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో నీళ్ళు చొరబడకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఇన్సులిన్ సీసా, పైన తడిగుడ్డ. నీడలో గాలి తగిలేచోట ఉంచి ఇసుక ఆరకుండా చూసుకుంటే చాలు. వాడడం మొదలుపెట్టిన సీసా మరీ వేడి తగలకుండా చూస్తే ఇంచుమించు 28 రోజులు బయట కూడా నిలుస్తుంది, కొత్త సీసాలకే చల్లదనం తప్పనిసరి. అక్టోబరు వచ్చేసరికి ఒక సీసా ఎక్కువగా ఉంచుకోండి.

పరీక్షల విషయంలో కూడా డబ్బు పారబోసుకుంటున్నారు. థైరాయిడ్ డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే టీఎస్‌హెచ్ అంకె నిజం చెబుతుంది. పదిహేను రోజులకోసారి చేయిస్తే ల్యాబుకే లాభం. హెచ్‌బీఏ1సీ గత మూడు నెలల సుగరు సగటు, దాన్ని నెలనెలా చేయించక్కర్లేదు.

ఇప్పుడు మంచమెక్కాల్సిన రోజు మాట. టైప్ 1 పిల్లాడికి వాంతులు, కడుపునొప్పి, గసపెట్టడం మొదలైతే ఓపీ రోజు కోసం చూడకూడదు. నేరుగా క్యాజువాలిటీకి. అక్కడ కార్డు పని చేస్తుంది. పాదం పుండుకూ, థైరాయిడ్ ఆపరేషనుకూ పని చేస్తుంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే మనిషి కూర్చుంటారు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చేర్చుకునే ముందే "ఈ వైద్యం కార్డులో వస్తుందా, మేము కట్టాల్సిందేమైనా ఉందా?" అని అడగండి. అనుమానముంటే 14555కు ఫోన్ చేయండి.

అక్కడే మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు వస్తుంది. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్ళకి వెనక. రేషన్ కార్డులో ఇంటిపేరు ఒక అక్షరంగా మిగిలిపోతుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బడి కాగితంలో ఇంకోలా. మాకు తెలిసిన ఒకావిడ పేరు ఒకచోట "అమ్మ"తో ముగిసి, ఇంకోచోట ఆ "అమ్మ" ఊడిపోయింది. ఆపరేషను రోజున ఆవిడ స్ట్రెచర్ మీద ఉండగా కొడుకు కిందికీ పైకీ పరుగులు తీశాడు. రోగం లేనప్పుడే రేషన్ కార్డు, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అక్షరం తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి.

విశాఖ వెళ్ళాలనుకునేవాళ్ళకి. కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, అక్కడ డీఎం చదువు కూడా చెబుతారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లోనూ, కటక్ ఎస్‌సీబీ వైద్య కళాశాలలోనూ ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది, సూరత్ మగ్గాల దగ్గరున్న మన గంజాం కుర్రాళ్ళకీ అది ఆధారం. కాకపోతే వెళ్ళే ముందు ఆ ఆసుపత్రి ఆరోగ్యమిత్రకి ఫోన్ చేసి, ఒడిశా కార్డు మీద ఫలానా వైద్యానికి చేర్చుకుంటారా అని అడిగి కదలండి. ఆంధ్రా వారి ఎన్టీఆర్ వైద్యసేవ ఆ రాష్ట్రం వాళ్ళకే. ఇచ్ఛాపురంలో ఉన్న తమ్ముడి కార్డు చూపించి గట్టెక్కుదామనుకోకండి, ఆధార్ దగ్గర ఆగిపోతుంది.

ఓపీ కూడా చూసే బీమా లేకపోలేదు. నెల జీతం 21,000 లోపు ఉన్న కంపెనీ ఉద్యోగులకి ఈఎస్ఐ ఉంది. జీతంలోంచి 0.75 శాతం పోతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. దానిలో చూపించుకోవడం, మందులు, పెద్ద డాక్టరుకు పంపడం అన్నీ వస్తాయి. ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసే మన పిల్లలు జీతం చీటీలో ఆ కోత చూసి విసుక్కుంటారేగాని, అమ్మానాన్నలు తమ మీదే ఆధారపడి ఉంటే వాళ్ళ పేర్లు అందులో చేర్పించవచ్చని చాలామందికి తెలియదు. మాజీ సైనికులకి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళ దగ్గరా ఇదే గోడు వింటున్నాను. పేదవాళ్ళ కోసం 1965లో పెట్టిన మెడికెయిడ్ ఓపీ ఖర్చు ఇస్తుందిగాని, దాన్ని తీసుకునే ఎండోక్రైనాలజిస్టు దొరకడం కష్టమట, దొరికినా వంతు రావడానికి నెలలు. అక్కడ బీమా ఉండి డాక్టరు దొరకడు, ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుండి బీమా పలకదు. రెండు చోట్లా వేచి ఉండేది రోగే.

నా అభిప్రాయం దాచుకోను. సుగరు ఉన్నవాడి కాలు తీసేయడానికి లక్షలు ఇచ్చే పథకం, ఆ కాలు నిలవడానికి కావలసిన ఓపీకీ పరీక్షలకీ ఇవ్వకపోవడం తప్పు. దీర్ఘకాలపు జబ్బుల ఓపీని కార్డులో చేర్చాలి. అంతవరకు, ఛత్రపూర్ ప్రభుత్వాసుపత్రికి వారంలో ఒక్క పూటైనా మెడికల్ నుంచి ఎండోక్రైనాలజిస్టును పంపాలి. ఆర్యపల్లి ముసలమ్మ రెండు బస్సులెక్కి బరంపురం వెళ్ళడం కంటే డాక్టరు జీపెక్కి 20 కిలోమీటర్లు రావడం తేలిక. ఊరి సంఘాలు, పెద్దలు కలిసి కలెక్టరు గారికి ఈ అర్జీ పెట్టాలి. ఒడియా, తెలుగు అనే తేడా లేకుండా సంతకాలు చేద్దాం, నేను మొదట చేస్తాను.

ఈలోపు మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో 70 ఏళ్ళు నిండినవాళ్ళుంటే వాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. దానికి ఆధార్ ఒక్కటి చాలు.